ఉద్దానం మాజీ సైనికుల బహిరంగ లేఖ: మా వైద్యం మా ఊళ్ల దాకా రావాలి

కేంద్ర రక్షణ మంత్రిత్వ శాఖ, మాజీ సైనికుల సంక్షేమ విభాగం కార్యదర్శి గారికి,
మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్ఎస్) మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఆంధ్రప్రదేశ్ సైనిక సంక్షేమ శాఖ డైరెక్టర్ గారికి,
శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

జై హింద్.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మాజీ సైనికుల తరఫున, మాలో కన్నుమూసినవారి భార్యల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నేను సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాను. ఇందులోని విషయాలన్నీ ఇంతకుముందే వినతిపత్రాలుగా ఇచ్చాం. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. మాజీ సైనికుల ర్యాలీలకు పెద్దలు వచ్చినప్పుడు చేతికే అందించాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి, జవాబులు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది.

ఈసీహెచ్ఎస్ మంచి పథకం, అందులో సందేహం లేదు. 2003 ఏప్రిల్ 1న అది మొదలయ్యేదాకా రిటైరైన సిపాయికి దిక్కు మిలిటరీ ఆసుపత్రి ఒక్కటే. అదీ దగ్గర్లో ఉంటే, మంచం ఖాళీగా ఉంటే. ఈ పథకం వచ్చాక గుండె ఆపరేషన్లు, మోకీళ్ల మార్పిడి, క్యాన్సర్ వైద్యం చేతి డబ్బు లేకుండా చేయించుకుని బతికి బట్టకట్టినవారు మాలో ఉన్నారు. దేశమంతటా 60 లక్షల మందికి పైగా దీని కింద ఉన్నారు. 30 రీజినల్ సెంటర్లు, ఓపీ వైద్యం చేసి మందులిచ్చే 400కు పైగా పాలీక్లినిక్‌లు నడుస్తున్నాయి. 2025–26 బడ్జెట్‌లో 8,317 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో మా సొమ్ము కూడా ఉంది. ఇప్పుడు రిటైరవుతున్న హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకువాళ్లు 30,000 రూపాయలు కడితేనే కార్డు వస్తుంది. పింఛనుతో వచ్చే వైద్య భత్యాన్ని కూడా సభ్యులు వదులుకుంటున్నారు.

అయితే ఈ పథకం పట్నంలో, కంటోన్మెంటు పక్కన ఉండేవారికి అందినట్టు పల్లెలో ఉండేవారికి అందడం లేదు. సిపాయిలు ఎక్కువగా వచ్చేది పల్లెల నుంచే. రిటైరయ్యాక తిరిగి చేరేదీ అక్కడికే. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం అయినా, గిద్దలూరు వైపు ఊళ్లయినా, మా ఉద్దానమైనా పరిస్థితి ఇదే. సైన్యం ఆసుపత్రులు సికింద్రాబాద్‌లో ఉన్నాయి, నౌకాదళం ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కళ్యాణి విశాఖపట్నంలో ఉంది. ఈ దూరం వల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో అంశాల వారీగా చెబుతాను.

1. బీపీ బిళ్లలకు ఒక రోజు పోతోంది.

మాకు పాలీక్లినిక్ శ్రీకాకుళం పట్నంలో ఉంది. పలాస నుంచి దాదాపు 75 కిలోమీటర్లు, ఇచ్ఛాపురం నుంచి దాదాపు 130. స్పెషలిస్టుకు చూపించుకోమని విశాఖపట్నం రాస్తే దానికి మరో వంద పైచిలుకు కలపాలి. కవిటి మండలంలోని ఒక ఊళ్లో ఉండే మనిషి తెల్లవారుజామున ఆటో ఎక్కి హైవే మీదికి రావాలి, అక్కడ బస్సు పట్టుకోవాలి, దిగాక మళ్లీ ఆటో ఎక్కాలి. డెబ్భై దాటినవారు ఒంటరిగా వెళ్లలేరు. తోడు వెళ్లే కొడుకో అల్లుడో ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. ఇద్దరి చార్జీలు, మధ్యాహ్నం భోజనం, పోయిన కూలి అన్నీ కలిపితే నెల మందుల ఖరీదు దాటిపోతుంది. అందుకే చాలామంది పాలీక్లినిక్‌కు వెళ్లడం మానేసి ఊళ్లో మందుల షాపులో కొనుక్కుంటున్నారు, లేకపోతే ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకుంటున్నారు. బీరువాలో ఈసీహెచ్ఎస్ కార్డు ఉన్న మనిషి డబ్బిచ్చి ఆర్‌ఎంపీ దగ్గర వైద్యం చేయించుకుంటున్నాడంటే తప్పు ఆ మనిషిది కాదు.

మొబైల్ పాలీక్లినిక్ అనే ఏర్పాటు ఈ పథకంలోనే ఉంది. ఒక వ్యాను మాకు కేటాయించండి. వారంలో ఒక రోజు పలాసలో, ఒక రోజు సోంపేటలో, ఒక రోజు ఇచ్ఛాపురంలో ఆగాలి. డాక్టరు, ఫార్మసిస్టు, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్ ముగ్గురూ ఉండాలి. వ్యాను నిలపడానికి చోటు, నీడ, నీళ్లు మేం చూసుకుంటాం. ఫోన్‌లోనే డాక్టరును చూపించే ‘సెహత్’ సేవను రక్షణ మంత్రి 2021 మే 27న ప్రారంభించారు. అది మంచిదే. కానీ వీడియో కాల్ కలపడం రాని ముసలివాళ్లకు పక్కన కూర్చుని కలిపిపెట్టేవారు కావాలి. గ్రామ సచివాలయాల్లోని ఆరోగ్య సిబ్బందికి ఆ పని అప్పగించడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పని. ఫోన్‌లో డాక్టరు రాసిన మందులు దగ్గర్లో దొరికే ఏర్పాటు లేకపోతే మాత్రం మళ్లీ 130 కిలోమీటర్ల ప్రయాణమే మిగులుతుంది.

బరంపురం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం పాతిక కిలోమీటర్లు. తరాలుగా మా వాళ్లు పెళ్లి బట్టలకూ, పెద్ద జబ్బుకూ అక్కడికే వెళ్తున్నారు. పెద్ద ప్రభుత్వ వైద్య కళాశాల అక్కడ ఉంది. పక్కనే గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. రాష్ట్రం మారినంత మాత్రాన, రీజినల్ సెంటర్ మారినంత మాత్రాన రోగిని పాతిక కిలోమీటర్ల దగ్గరున్న ఊరు వదిలి రెండు వందల కిలోమీటర్లకు పైగా తిప్పడం న్యాయం కాదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి మండలాల వారిని బరంపురం ఆసుపత్రులకు నేరుగా రిఫర్ చేయవచ్చని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

2. కిడ్నీ జబ్బు.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఉద్దానం అనగానే రాష్ట్రంలో అందరికీ కొబ్బరి తోటల కన్నా ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తోంది. నీళ్లను, మట్టిని, పొలంలో ఎండను, మా తిండిని ఎన్నో బృందాలు వచ్చి పరీక్షించాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా మా ఊళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష ‘క్రియాటినిన్’ అంటే ఏమిటో తెలుసు. ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు. కాళ్లకు నీరు పట్టి, అన్నం సయించక ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి.

సర్వీసులో ఉన్నంతకాలం ఏటా మెడికల్ జరిగేది, చిన్న తేడా వచ్చినా ఆరోగ్య కేటగిరీ మార్చేవారు. డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి ఎవరూ పిలిచి రక్తం తీసింది లేదు. ఇక మా ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. మేం జమ్మూలోనో నాగాలాండ్‌లోనో ఉన్న ఏళ్లన్నీ వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇవే నీళ్లు తాగారు, ఇదే ఎండలో జీడి తోటల్లో పనిచేశారు. మాకైనా సైన్యంలో పరీక్షలు జరిగాయి, వాళ్లకు ఒక్కటీ జరగలేదు. పథకంలో వాళ్లు కూడా సభ్యులే.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం. అది ముగిశాక మనిషి లేచి నాలుగడుగులు వేయలేడు. అలాంటి మనిషిని బస్సులో దూరం పంపడం, రిఫరల్ గడువు తీరగానే మరో కాగితం కోసం మళ్లీ పాలీక్లినిక్‌కు రమ్మనడం ఎలా న్యాయమో మీరే చెప్పండి. డయాలసిస్ జలుబు కాదు, వారంలో తగ్గిపోవడానికి. కిడ్నీ మార్పిడి జరిగేదాకానో, ప్రాణం ఉన్నంతవరకో అది ఆగదు. ఆగితే ఏమవుతుందో మా ఊళ్లలో అందరం చూశాం. నాయక్ ర్యాంకులో రిటైరైన ఒకాయన వారానికి రెండుసార్లు చేయించుకోవాల్సిన డయాలసిస్‌ను ప్రయాణం భరించలేక ఒక్కసారికి తగ్గించుకున్నారు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆయనకు కార్డు ఉంది, హక్కు ఉంది, కట్టిన చందా ఉంది.

పలాసలో 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. మాకు అది గడపలో ఆసుపత్రి. కాబట్టి ఈ నాలుగూ చేయండి. ఉద్దానం మాజీ సైనికులనూ వారి కుటుంబాలనూ పలాస కేంద్రానికి పంపేందుకు ఈసీహెచ్ఎస్, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోవాలి, ఖర్చును ఈసీహెచ్ఎస్ నేరుగా చెల్లించాలి. డయాలసిస్, కిడ్నీ మార్పిడి రోగులకు రిఫరల్ ఒకసారి ఇస్తే డాక్టరు ఆపమనేదాకా చెల్లాలి. ఈ ఏడు మండలాల్లో ప్రతి మాజీ సైనికుడికీ, భార్యకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ ఏడాదికి రెండుసార్లు క్రియాటినిన్, మూత్రం, బీపీ పరీక్షలు ఊళ్లోనే జరగాలి. ఆ ఫలితాలు పలాస పరిశోధకులకు కూడా చేరాలి. ఇరవై ఏళ్లు వేరే నీళ్లు తాగి తిరిగొచ్చిన మగవాళ్లూ, ఊళ్లోనే ఉన్న వాళ్ల భార్యలూ ఒకే ఇంట్లో దొరికే చోటు పరిశోధనకు ఇంకెక్కడ ఉంటుంది?

3. మందులు.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2015లో తన 51వ నంబరు నివేదికను పూర్తిగా ఈ పథకం మీదే ఇచ్చింది. పాలీక్లినిక్‌లలో మందుల కొరతను అప్పుడే ఎత్తిచూపింది. ఇప్పటికీ ‘ఎన్‌.ఏ.’ అంటే ‘మందు లేదు’ అనే ముద్ర మాకు అలవాటైన ముద్రే. బయట కొని, బిల్లు జతచేసి, డబ్బు తిరిగి రావడానికి నెలలు ఆగడం పింఛను మీద బతికే ఇంటికి తేలిక కాదు. ఇంకో ప్రమాదం ఉంది. ప్రతిసారీ కంపెనీ మారుతుంది, బిళ్ల రంగూ ఆకారమూ మారతాయి. మా పెద్దవాళ్లు మందును పేరుతో గుర్తుపెట్టుకోరు. తెల్లది పొద్దున, గులాబీది రాత్రి అని గుర్తుపెట్టుకుంటారు. రంగు మారితే ఒకే మందు రెండుసార్లు వేసుకుంటారు, లేదా అసలు మానేస్తారు. నిలకడగా ఉన్న బీపీ, షుగరు, థైరాయిడ్ రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వండి. కవరు మీద తెలుగులో ఏ పూట ఏది వేసుకోవాలో రాయించండి. దొరకని మందును మండల కేంద్రంలో ఒక షాపు నుంచి డబ్బు కట్టకుండా తీసుకునే వీలు కల్పించండి.

4. అర్ధరాత్రి ప్రాణం మీదికి వస్తే.

సోంపేటలో రాత్రి రెండింటికి గుండె నొప్పి వస్తే 108 ఏ ఆసుపత్రికి తీసుకెళ్తే అదే గతి. ఎంప్యానెల్ ఆసుపత్రి, అంటే ఈసీహెచ్ఎస్ జాబితాలోని ఆసుపత్రి ఎక్కడుందో వెతికే సమయం ఉండదు. నిబంధన ప్రకారం అత్యవసరమైతే జాబితాలో లేని ఆసుపత్రిలోనైనా చేరవచ్చు, 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఈ గడువు సంగతి మా ఇళ్లలో చాలామందికి తెలియదు. ఐసీయూ బయట ఏడుస్తూ కూర్చున్న భార్య ఫోన్ ఎవరికి చేయాలి? గడువు దాటితే, క్లెయిము తిరస్కరిస్తే, తాకట్టులోకి వెళ్లేది ఆమె మెడలోని పుస్తెలే. ఇక ఎంప్యానెల్ ఆసుపత్రుల్లో ‘ఈసీహెచ్ఎస్ బెడ్లు నిండిపోయాయి’, ‘ముందు కొంత డిపాజిట్ కట్టండి’ అనే మాటలు మా వాళ్లు విన్నారు. ఎమర్జెన్సీలో అడ్వాన్సు అడగకూడదని ఒప్పందంలోనే ఉంది. రేట్లు పాతవి, గిట్టుబాటు కావడం లేదని ఆసుపత్రులు చెబుతూ వచ్చాయి. ఈసీహెచ్ఎస్ కూడా పాటించే, 2014 నుంచి పెద్దగా కదలని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) రేట్లను 2025 అక్టోబరులో సవరించారు కనుక ఆ కారణం ఇక చెప్పకూడదు. బిల్లులు సకాలంలో చెల్లించడం మీ వంతు, రోగిని తిప్పిపంపకపోవడం వాళ్ల వంతు. ఈ రెంటి మధ్య నలగవలసింది రోగి కాకూడదు.

మేం కోరేది: ప్రతి ఎంప్యానెల్ ఆసుపత్రి రిసెప్షన్ దగ్గర మా హక్కులు తెలుగులో బోర్డు మీద ఉండాలి. రాత్రి పగలు తెలుగులో మాట్లాడే ఒక ఫోను నంబరు ఉండాలి. 48 గంటల కబురు ఆ నంబరుకు చేసిన ఫోనుతోనే నమోదైనట్టు లెక్కించాలి.

5. కార్డూ, పేర్లూ, ఓటీపీలూ.

మాకు ఇంటిపేరు ముందుంటుంది. డిశ్చార్జి బుక్కులో గుమస్తా ఇంటిపేరు వెనక్కి వేస్తాడు. ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పింఛను ఉత్తర్వు (పీపీఓ)లో పూర్తి పేరు ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంకో స్పెల్లింగు. భార్యల పరిస్థితి మరీ కష్టం. పెళ్లినాటికి ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల పేరును ఎక్కడో రెజిమెంటు ఆఫీసులో భాష తెలియని క్లర్కు విన్నట్టు రాసుకున్నాడు. అప్పలమ్మ అప్పమ్మ అయింది, పుట్టిన తేదీ ఊహించి వేశారు. భర్త ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పోయాక ఆమె కొత్త స్మార్ట్ కార్డుకు దరఖాస్తు పెడితే పేరు కలవలేదని వెనక్కి వస్తుంది. సరిచేయాలంటే రికార్డు ఆఫీసుకు రాయాలి, అఫిడవిట్ కావాలి, సర్వీసు రికార్డులో మార్పును నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు కావాలి. రికార్డు ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంటుంది, ఉత్తరం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. అది చదివి చెప్పేవాడికి కూడా డబ్బివ్వాలి. ఈలోపు జబ్బు ఆగదు. దరఖాస్తు, ఏటా ధ్రువీకరణ అన్నీ ఆన్‌లైనే, ఓటీపీ వచ్చే ఫోను హైదరాబాద్‌లో ఉన్న కొడుకు జేబులో ఉంటుంది.

భర్త సైన్యంలో పనిచేశాడనడానికి ఆమె చేతిలో ఫ్యామిలీ పింఛను ఉంది. పింఛను ఇవ్వడానికి సరిపోయిన పేరు వైద్యానికి ఎందుకు సరిపోదు? పేరులో తేడా ఉన్నా, ఫ్యామిలీ పింఛను అందుకుంటున్న ప్రతి వితంతువుకూ సవరణ పూర్తయ్యేదాకా తాత్కాలిక కార్డు వెంటనే ఇవ్వాలి. మూడు నెలలకోసారి పలాసలోనో సోంపేటలోనో శిబిరం పెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, పాలీక్లినిక్, తహసీల్దారు కార్యాలయం ఒకే చోట కూర్చుని పేర్లు సరిచేయాలి. రికార్డు ఆఫీసుతో ఉత్తర ప్రత్యుత్తరాలు సైనిక సంక్షేమ కార్యాలయమే జరపాలి. ఆ బాధ్యతను డెబ్భై ఏళ్ల మనిషి మీద వేయకండి.

6. వయ వందన కార్డు.

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రూపాయల దాకా వైద్యం ఇస్తున్నారు. ఈసీహెచ్ఎస్ సభ్యులు మాత్రం రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఈసీహెచ్ఎస్‌లో అలాంటి పరిమితి లేదు. ఈ తేడా చెప్పకుండా ఊరి శిబిరంలో వేలిముద్ర వేయించుకుంటే, 5 లక్షలు వస్తాయన్న ఆశతో పరిమితి లేని వైద్యాన్ని వదులుకున్నట్టవుతుంది. వేలిముద్రకు ముందు ‘మీరు మిలిటరీ పింఛనుదారులా’ అని అడగడం తప్పనిసరి చేయండి, తెలియక మారినవారిని తిరిగి చేర్చుకోండి.

7. అగ్నివీరులు.

ఇది మా గురించి కాదు, మా మనవళ్ల గురించి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లు పనిచేసి బయటికి వచ్చేవారికి మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. తొలి బ్యాచ్‌కు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. సర్వీసులో వికలాంగులైతే వైకల్య శాతాన్ని బట్టి ఒకేసారి పరిహారం ఇస్తారని ఉంది. కానీ మంచు కొండల మీద పాడైన ఊపిరితిత్తులు, పేలుళ్ల చప్పుడుకు తగ్గిన వినికిడి, వెన్ను నొప్పి ఆ శాతాల్లోకి రావు. పదేళ్లకు బయటపడతాయి. పింఛను లేని షార్ట్ సర్వీసు అధికారులను 2019లో ఈసీహెచ్ఎస్‌లో చేర్చుకున్నారు. అదే దారిలో, చందా కట్టించుకునైనా, అగ్నివీరులనూ చేర్చుకోండి. ఉద్దానం నుంచి వెళ్లిన పిల్లవాడు ఇరవై అయిదేళ్లకు తిరిగొచ్చేది ఈ నీళ్ల దగ్గరికే.

అన్నీ ఒక్క రోజులో కావని మాకు తెలుసు. కొన్నింటికి ఢిల్లీలో ఫైలు కదలాలి. కొన్నింటికి కలెక్టరు గారు, పాలీక్లినిక్ ఇన్‌చార్జి అధికారి (ఓఐసీ) గారు ఒక మధ్యాహ్నం కలిసి కూర్చుంటే చాలు. పలాసలో డయాలసిస్ ఏర్పాటు, మొబైల్ వ్యాను, వితంతువులకు తాత్కాలిక కార్డులు, ఈ మూడూ ముందు జరగాలి. వీటిలో ఆలస్యమైన ప్రతి నెలా ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ ఏడు అంశాల్లో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో 60 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం. కాదన్నా సరే, కాగితం మీద చెప్పండి. అప్పుడు ఎవరిని అడగాలో మాకు తెలుస్తుంది. జవాబుతో పాటు పలాసలో ఒక సమావేశానికి తేదీ ఇవ్వండి. ఏడు మండలాల్లో డయాలసిస్ మీద ఉన్న మాజీ సైనికుల, వారి కుటుంబ సభ్యుల జాబితా, కార్డుల నకళ్లు, పరీక్షల రిపోర్టులు, వెనక్కి వచ్చిన దరఖాస్తులు అన్నీ తీసుకుని మేం వస్తాం.

ఇట్లు,
ఉద్దానం మండలాల మాజీ సైనికులు, వీర నారీమణుల తరఫున
ఒక విశ్రాంత సుబేదార్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా